ఓదెలు కాలి బొటనవేలు

వెన్నుపాము గాయాల మీద పరిశోధన చేయాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు కరీంనగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. పాత మనిషి ఉంది, కాసేపు మాట్లాడి రమ్మని ఎవరో చెప్పి పంపిస్తారు. టీ ఇచ్చాక నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఎలుకకు మూత్రం పోయించడం వచ్చా?" కొందరు నవ్వుతారు. కొందరు రిటైరయ్యాక ఈవిడకు మతి తప్పిందేమోనని కప్పులోకి చూస్తూ కూర్చుంటారు. నేను సరదాకు అడగడం లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా చేతికి నిజంగా వచ్చిన విద్య అదొక్కటే. మిగతా పనులు యంత్రాలు చేశాయి, లేదా నాకంటే తెలివైనవాళ్ళు చేశారు.

ఆ విద్య చేతిలో ఉండీ నేను ఒక మనిషిని చూసుకోలేకపోయాను. ఆయన పేరు ఓదెలు, మందమర్రి బొగ్గుబాయి కార్మికుడు. ఆయన కాళ్ళలో కదలిక వస్తుందేమోనని మేమంతా కాళ్ళవైపు చూస్తూ కూర్చున్నాం. ఈలోగా ఆయన మూత్రపిండాలు పోయాయి, ఆ తర్వాత మనిషే పోయాడు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. రాసినంత మాత్రాన తగ్గే సిగ్గు కూడా కాదు. రేపు అలాంటి గదిలో మీరు నిలబడతారు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి

మా పనిలో ఎలుకకు మత్తు ఇచ్చి, దాని వెన్నుపాముకు మేమే గాయం చేస్తాం. వినడానికి బాగుండదు, చేయడానికి అంతకంటే బాగుండదు. గాయమైన ఎలుకకు వెనక కాళ్ళు పడిపోతాయి. కాళ్ళతో పాటు మూత్రసంచి కూడా మాట వినదు. సంచి నిండుతుంది, ఖాళీ కాదు. అలా వదిలేస్తే ఎలుక మూత్రం కట్టుకుపోయి చచ్చిపోతుంది. అందుకని రోజూ పొద్దున, సాయంత్రం ఎవరో ఒకరు దాన్ని ఎడమచేతిలోకి తీసుకుని, కుడిచేతి బొటనవేలితో పొట్ట కింద తడిమి, పండిన టమాటాను ఒత్తి చూసినట్టు మెల్లగా ఒత్తాలి. గట్టిగా ఒత్తితే సంచి పగులుతుంది. భయపడి వదిలేస్తే సగం లోపలే ఉండిపోతుంది.

ఈ పనికి ఆదివారం లేదు, పండుగ లేదు. సద్దుల బతుకమ్మ నాడు పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని ఎలుకలన్నిటికీ మూత్రం పోయించి, చేతులు కడుక్కుని, పరుగున వచ్చి బతుకమ్మ ఆడిన రోజులున్నాయి. మాది హుస్నాబాద్ దగ్గర వ్యవసాయ కుటుంబం. ఒకసారి మా అవ్వ, అంటే మా అమ్మ, హైదరాబాద్ వచ్చినప్పుడు మా ప్రయోగశాల చూపించాను. అవ్వ కాసేపు తలుపు దగ్గరే నిలబడింది.

"గింత సదువు సదివి ఎలుకలకు ఒంటికి పోయిస్తున్నవా బిడ్డా?" అంది. "మన బర్రెలు సుత గింత కష్టం పెట్టయి గదనే." ఊరికి వెళ్ళేటప్పుడు బస్సెక్కి కిటికీలోంచి ఇంకో మాట చెప్పింది. "మీ బాపుకు చెప్పకు. నా బిడ్డ పెద్ద డాక్టరని ఊరంత చెప్పుకుంటుండు."

చేరిన కొత్తలో ఒకరోజు గాయపడ్డ ఎలుకను పరీక్ష చేసే తొట్టిలో వదిలితే, దాని వెనక కాలు టక్కున తన్నింది. నేను కేక పెట్టి మా పెద్దసారు నరహరి గారి గదికి పరుగెత్తాను. మా విభాగానికి ఆయనే అధికారి. నాకు ఈ పని అక్షరం అక్షరం నేర్పింది కూడా ఆయనే. సారు వచ్చి, ఎలుకను చేతిలోకి తీసుకుని, మూత్రం పోయించి, మళ్ళీ తొట్టిలో పెట్టారు. కాలు కదల్లేదు.

"ముందు సంచి ఖాళీ చెయ్యి, తర్వాత కాలు చూడు," అన్నారు. "నిండిన సంచి కాలును తన్నిస్తుంది. దాన్ని చూసి నరం పెరిగిందనుకుంటే మన ఉద్యోగాలన్నీ దండగ."

కారణం పెద్ద కష్టమైనదేం కాదు. వెన్నుపాము తెగినచోట మెదడుతో మాట్లాడే దారి తెగిపోతుంది. తెగిన చోటికి కింద ఉన్న భాగం మాత్రం బతికే ఉంటుంది. సంచి నిండి ఇబ్బంది పడితే ఆ కబురు పైకి పోదు, కింది భాగానికే చేరుతుంది. అది తనకు చేతనైంది చేస్తుంది, కాలును గుంజుతుంది. ఆ సంగతి ఎలుకకు తెలియను కూడా తెలియదు. ఆ రోజు నుంచి నేను సంచి ఖాళీ చేయకుండా ఒక్క ఎలుకను కూడా పరీక్షించలేదు. ఓదెలును మాత్రం ప్రతిసారీ ఖాళీ చేయించకుండానే పరీక్షించాను.

మేం చెప్పే మాట, వాళ్ళు వినే మాట

చేతి నరం తెగితే నెమ్మదిగా పెరుగుతుంది. అంతా బాగుంటే వేలికి మళ్ళీ స్పర్శ వస్తుంది. వెన్నుపాములో నరం అలా పెరగదు. గాయం చుట్టూ మచ్చ కడుతుంది, ఆ మచ్చ దాటి ముందుకు పోదు. ఎందుకు పోదు, ఎలా పోనివ్వాలి అన్నదే నా బతుకంతా నేను చేసిన పని. ముక్కు లోపలి పొర నుంచి తీసిన కణాలను గాయం దగ్గర పెడితే ఎలుకల్లో కొంత మేలు కనిపించింది. కొంత అంటే కొంతే. ఆ కొంత చూసి మనుషుల్లో ప్రయత్నం మొదలుపెట్టాం.

మీరు ఈ పనిలోకి వస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మనం "ప్రయత్నం" అంటాం, వాళ్ళకు "వైద్యం" అని వినిపిస్తుంది. మనం "చెప్పలేం" అంటాం, వాళ్ళకు "కావచ్చు" అని వినిపిస్తుంది. వాళ్ళది తప్పు కాదు. నడుము కింద ఒంట్లో స్పర్శ లేని మనిషి చేతిలో మనం కాగితం పెట్టి అన్నీ వివరించామని సంబరపడతాం. నిజం చెప్పాలంటే వాళ్ళు అలా వినడం మాకూ ఇష్టమే. ఆశ లేని మనిషి నెలనెలా గోదారి దాటి పరీక్షకు రాడు కదా.

తమ్మీ అని పిలిచాను

ఓదెలు పని బాయి లోపల కప్పు కూలకుండా ఆనింపులు పెట్టడం. ఆ కప్పే ఆయన మీద కూలింది. నడుము పైన వెన్నుపాము నలిగిపోయింది. కంపెనీ క్వార్టర్‌లో భార్య సమ్మక్క, బడికి పోయే బిడ్డ. మా ప్రయత్నంలో చేరి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ తర్వాత నెలకో శనివారం కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి వెనక గదిలో నేను పరీక్షించేదాన్ని. వ్యాను కిరాయికి మాట్లాడుకుని మందమర్రి నుంచి వచ్చేవాళ్ళు.

మొదటిసారి వచ్చినప్పుడే అడిగాడు. "ఏ ఊరు మేడం మీది?"

"హుస్నాబాద్ దిక్కు."

"అయ్యో, మా సమ్మక్క అవ్వగారిది సుత గటే!" అని భార్యవైపు తిరిగి నవ్వాడు. "అయితే మీరు పరాయోళ్ళేం గారు. అక్కా అంటే తప్పుకాదు గదా?"

నాకూ సంతోషమైంది. తమ్మీ అని పిలిచాను. హైదరాబాద్‌లో పనిచేసినన్నాళ్ళూ నా యాస విని ఎవరైనా మీది ఏ ఊరు అని అడిగితే ఏదో తప్పు చేసినదానిలా జవాబు చెప్పేదాన్ని. ఇక్కడ ఆ బెరుకు లేదు.

చక్రాల కుర్చీలోంచి మంచం మీదికి మారుస్తుంటే మూత్రం పట్టే ప్లాస్టిక్ సంచికి ఉన్న గొట్టం ఊడింది. నేల తడిసింది, నా చెప్పులూ తడిశాయి. నేను గబుక్కున వెనక్కి జరిగాను. "పర్వాలేదు తమ్మీ" అని, ఆసుపత్రి ఆయమ్మను పిలిచి, తుడిచేదాకా వరండాలో నిలబడ్డాను. మనిషికి మర్యాద ఇస్తున్నాననే అప్పుడు అనుకున్నాను. తిరిగి లోపలికి వెళ్ళేసరికి ఓదెలు గోడవైపు చూస్తున్నాడు.

"తప్పయింది అక్కా."

"అయ్యో, దానికేం" అని నేను పరీక్ష మొదలుపెట్టాను. ఎలుకల మూత్రం నా చేతుల మీద, చీరల మీద ఎన్నిసార్లు పడిందో చెప్పలేను. ఒక్కనాడూ గది వదిలి బయటికి పోలేదు.

ఒక్కపొద్దు

తర్వాతి నెల ఓదెలు వచ్చినప్పుడు సంచీ లేదు, గొట్టమూ లేదు. బట్టలు పొడిగా ఉన్నాయి. రోజుకు కొన్నిసార్లు తనంతట తానే సన్నటి గొట్టం పెట్టుకుని మూత్రం తీసేసుకునే పద్ధతి ఒకటుంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అప్పుడు ఎవరో దాన్ని ఆయనకు చెప్పారని విన్నాను. అది అలవాటైందనుకున్నాను. అడగలేదు. తమ్ముడని పిలిచిన మనిషిని ఆ మాట ఏ నోటితో అడగాలో తెలియలేదు. మా దిక్కున ఆడమనిషి మగమనిషిని అలాంటివి అడగదు, అడిగితే ఇద్దరూ నేలచూపులే. అందుకని పొడి బట్టలు చూసి లోలోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

టీ తెప్పిస్తే వద్దన్నాడు. "ఇయ్యాల ఒక్కపొద్దక్కా."

శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు మా దిక్కున ఇంటికొకరు ఉంటారు. నాకేం వింతగా అనిపించలేదు. వేసవిలో వచ్చినప్పుడూ అదే మాట. వ్యానులో అంతదూరం వచ్చిన మనిషి పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. నేను నీళ్ళ గ్లాసు ముందు పెట్టాను.

"నీళ్ళు సుత ముట్టనక్కా."

"ఏ దేవుడు తమ్మీ, నీళ్ళు కూడా వద్దన్నది? మందమర్రి ఎండ సంగతి ఆయనకు తెల్వదా?" అని ఆట పట్టించాను.

"మొక్కుకున్న. కాళ్ళు వచ్చేదాక గిట్లనే ఉంట."

సమ్మక్క లేచి, నిండుగా ఉన్న నీళ్ళ సీసా పట్టుకుని, నింపుకొస్తానని బయటికి పోయింది. నిండు సీసా ఎందుకు నింపుతుందని నాకు అప్పుడు తోచలేదు. ఓదెలు భక్తి చూసి ముచ్చటపడ్డాను. ఇంటికి వచ్చి మా ఆయనతో కూడా చెప్పాను, ఇలాంటి పట్టుదల ఉన్నవాళ్ళకే బాగవుతుందని.

వేలు కదిలింది

ఆ ఎండాకాలంలోనే ఒక శనివారం, ఎప్పటిలాగే "బొటనవేలు పైకి లేపు తమ్మీ" అన్నాను. ఓదెలు మంచం పట్టెలు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ముఖం ఎర్రబడేదాకా తంటాలు పడ్డాడు. ఎడమకాలి బొటనవేలు లేచింది.

మళ్ళీ లేపమన్నాను. మళ్ళీ లేచింది. ఫోన్‌లో వీడియో తీశాను. కంగారులో మొదటి వీడియోలో గోడ తప్ప ఏమీ పడలేదు. నరహరి సారుకు ఫోన్ చేస్తే ఆయన వీడియో వెంటనే పంపమన్నారు. తర్వాతి నెల స్వయంగా కరీంనగర్ వచ్చారు. ఆయన ముందు కూడా వేలు లేచింది. అందరం చప్పట్లు కొట్టాం, మిఠాయి తెప్పించాం. ఓదెలు మిఠాయి ముట్టలేదు. సమ్మక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంటే సంతోషమనుకున్నాను.

వీడియో వాళ్ళ కాలనీ అంతా పాకింది. క్వార్టర్‌కు జనం వచ్చి వేలు చూపించమనేవాళ్ళట. "ఇంటికాడ కదలదక్కా," అన్నాడు ఓదెలు. "మీ ముందర్నే కదుల్తది."

"మేడమంటే దానికి భయం," అన్నారు నరహరి సారు. అందరం నవ్వాం. జాగ్రత్తగా వినాల్సిన మాటకు మేం నవ్వాం.

నిజానికి వేలొక్కటే లేవడం లేదు. మిగతా వేళ్ళు, మడమ, కొంచెం మోకాలు కూడా గుంజుకునేవి. మనసుపెట్టి కదిలించిన వేలు అలా కదలదు. అది నాకు తెలుసు. తెలిసినదాన్ని పక్కకు పెట్టి, నరాలు గుంపుగా మేలుకుంటున్నాయని ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నాను. కావలసింది కళ్ళముందు కనిపించేటప్పుడు చదువు ఎంత త్వరగా దానికి చాకిరీ చేస్తుందో నన్ను చూసి నేర్చుకోండి.

మా బృందంలో రక్తపరీక్షలు చూసే డాక్టరమ్మ, ఓదెలు మూత్రపిండాల సంగతి కొంచెం తేడాగా ఉంది మేడం అని చెప్పింది. "ఎండలు గదా, నీళ్ళు తక్కువ తాగుతున్నాడేమో" అన్నాను. అసలు సంగతికి అంత దగ్గరగా వెళ్ళాను. సారును అడిగితే, "మనం కాళ్ళ మనుషులం. అవి చూసే డాక్టర్లు వేరే ఉన్నారు, వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. ఆ వేరే డాక్టర్ల దగ్గరికి ఆయన్ని ఎవరు పంపాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ శనివారం

వానలు మొదలయ్యాక ఒక శనివారం ఓదెలు వణుకుతూ వచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది, నుదుటి మీద చెమటలు. "పరీక్ష తప్పిపోతదని వచ్చిన అక్కా" అన్నాడు. మంచం మీద పడుకోబెట్టాం. అంగీ పైకి జరిగి పొత్తికడుపు కనిపించింది, కుండలా ఉబ్బి ఉంది. నేను ఆలోచించకుండానే చేయి వేశాను. నా బొటనవేలికి వెంటనే తెలిసిపోయింది. ఎన్ని వేలసార్లు తడిమిన సంగతి అది!

"తమ్మీ, ఒంటికి ఎప్పుడు పోయినవ్?"

ఆయన్ని నేను ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఓదెలు కళ్ళు మూసుకున్నాడు. సమ్మక్క ఏడుపు ఆపుకోలేకపోయింది.

"నిన్న పొద్దుగూకినప్పటి సంది సుక్క నీళ్ళు తాగలే వదినే. ఒంటికి పోయేకాడ పేలిక గట్టిగ కట్టుకుండు, సుక్క బయటికి రాకుంట. మీ ముందర తడుస్తదని."

"ఎప్పటి నుంచి?"

"మీ కాడికి వచ్చినప్పుడల్ల గంతే. గా మొదటిసారి గొట్టం ఊడింది సూడుండ్రి, గప్పటి సంది. ఒక్కపొద్దు లేదు, మొక్కు లేదు. మీకు చెప్తే సచ్చినంత ఒట్టని నాతోని ఒట్టేయించుకుండు."

"సమ్మక్కా, ఊకో," అన్నాడు ఓదెలు కళ్ళు తెరవకుండానే.

నర్సు వచ్చి పేలిక కోసేసింది, గొట్టం పెట్టింది. పాత్ర నిండింది, ఇంకో పాత్ర పెట్టారు. రంగు బాగాలేదు, వాసన చెప్పలేను. ఈసారి గది వదిలి పోలేదు. పోవాల్సిన అవసరం అప్పుడూ లేదు. కాసేపటికి ఓదెలు వణుకు తగ్గింది.

అప్పుడు నేను ఒక పని చేశాను. జ్వరంతో ఉన్న మనిషి, నా కళ్ళముందే అంత బయటపడ్డ మనిషి. ఆయన కాళ్ళవైపు వెళ్ళి నిలబడి, "బొటనవేలు పైకి లేపు తమ్మీ" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. సంచి ఖాళీ అయింది, ఇక కాలు చూడాలి. నాకు నేర్పిన వరస అది. అన్ని నెలలు మర్చిపోయిన వరస సరిగ్గా ఆ గడియలో గుర్తొచ్చింది.

ఓదెలు మంచం పట్టెలు పట్టుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు. వేలు కదల్లేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి. వేలు అలాగే ఉంది. నా ముఖం చూశాడు.

"జర ఆగుండ్రి అక్కా," అన్నాడు. "నీళ్ళు తాగుత. మల్ల కట్టుకుంట. గప్పుడు కదుల్తది."

సమ్మక్క ఆయన చేయి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. ఆయన నాతోనే చెప్తున్నాడు, "నాకు ఎరుకనే అక్కా, కట్టుకుంటేనే కదుల్తది. ఇంటికాడ సూసిన." ఆయన దాన్ని ఎప్పుడో కనిపెట్టాడు. వేలు లేస్తే నేను సంతోషపడతానని కూడా కనిపెట్టాడు. అందుకే పేలిక నెలనెలా ఇంకొంచెం బిగించాడు.

తర్వాత

మూత్రపిండాల డాక్టరు చూసి, చాలా ఆలస్యమైందన్నాడు. మూత్రం వెనక్కి కొట్టి, చీము పట్టి, రెండూ దెబ్బతిన్నాయి. అంతకుముందు నుంచే ఇంట్లో కూడా తడుస్తుందని నీళ్ళు తగ్గించాడట. గొట్టం పెట్టుకునే పద్ధతి హైదరాబాద్‌లో ఎవరో హడావిడిగా ఒకసారి చెప్పారు, ఆయన తల ఊపాడు. వచ్చిందా రాలేదా అని మళ్ళీ ఎవరూ అడగలేదు. వారం వారం డయాలసిస్ మొదలైంది.

నరహరి సారుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన విని, ఆరోగ్యం బాగాలేదని చెప్పి ఓదెలును లెక్కలోంచి తీసేద్దామన్నారు.

"ముందు సంచి, తర్వాత కాలు అని మీరే నేర్పారు సార్," అన్నాను.

"అది ఎలుకలకు," అన్నారు.

ఎలుకలో కనిపించింది మనిషికీ వర్తిస్తుందన్న ఒక్క మాట మీద మా జీతాలు, మా పేర్లు అన్నీ నడిచాయి. ఆ ఒక్కటి మాత్రం ఎలుకల దగ్గరే ఆగిపోవాలట. సారు చెడ్డమనిషి కాదు. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇప్పటికీ నేను పిల్లలకు చెప్తున్నాను. కానీ ఆ తర్వాత ఒక సభలో ఆయన వేలి వీడియో వేశారు. నేను ముందు వరుసలో కూర్చుని ఉన్నాను. జనం చప్పట్లు కొట్టారు, నేను నోరు తెరవలేదు. ఇంకో సభలో మళ్ళీ వేస్తే లేచి నిలబడి, అది నరం పని కాదు, కట్టేసిన మూత్రం పని అని చెప్పాను. సారు ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. రెండోసారి లేచానని నన్ను మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. మొదటిసారి కూర్చున్న మనిషిని కూడా నేనే.

ఇక మీకు చెప్పదలచింది చెప్తాను. మనిషి మీ ముందుకు రాగానే ఒంటికి ఎప్పుడు పోయినవ్, దొడ్డికి ఎప్పుడు పోయినవ్ అని అడగండి. ఆయన ఇంట్లో ఏ మాట వాడతాడో అదే మాటతో అడగండి. ఇంగ్లీషు మాట వెనక దాక్కోకండి. సిగ్గనిపిస్తే ఇంట్లో అద్దం ముందు నిలబడి గట్టిగా పలికి అలవాటు చేసుకోండి. నేను అలాగే చేశాను, చాలా ఆలస్యంగా. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరినీ, నీకు ముందుగా ఏం కావాలి అని అడిగాను. ఎక్కువమంది నడక అనలేదు. తడవకుండా బస్సులో పోయి రావాలన్నారు. చుట్టాలింట్లో నలుగురి మధ్య కూర్చోవాలన్నారు. ఆ పని మా చేతనయ్యేదే, అప్పటికే అందరికీ తెలిసిన పద్ధతే. ఎవరికీ చేతకాని పని కోసం ఉన్న పనిని వదిలేశాం.

మందమర్రికి ఒకసారి వెళ్ళాను. ఓదెలు క్వార్టర్ ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. సగమైపోయాడు. సమ్మక్క నాకు టీ, ఆయనకు చిన్న స్టీలు గిలాసలో అడుగున కాసిని నీళ్ళు తెచ్చింది. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళు నీళ్ళు కొలిచి తాగాలి.

"సూసినవా అక్కా," అని గిలాస చూపించి నవ్వాడు. "ఇప్పుడు డాక్టర్లే నీళ్ళు తాగొద్దంటుండ్రు."

నేను టీ పక్కన పెట్టి, వచ్చిన పని చెప్పబోయాను. ఆయనే అందుకున్నాడు.

"ఒంటికి సుత ఇగ వస్తలేదు. మొత్తం బందైంది." కాసేపు తన కాళ్ళవైపు చూశాడు. "అంటే ఏలు ఇగ కదలదు గదా అక్కా?"

"కదలదు తమ్మీ."

"గప్పుడు కదిలింది... నేను కదిపింది కాదా?"

ఆ రోజు ఆయనకు అబద్ధం చెప్పడం చాలా తేలిక. సమ్మక్క కూడా నావైపు అదే అడుగుతున్నట్టు చూసింది.

"కాదు తమ్మీ. నిండిన సంచి గుంజింది. నాకు తెలిసి ఉండాల్సింది. నేను అడగలేదు."

ఓదెలు తల ఊపాడు. సమ్మక్కను పిలిచి దుప్పటి కాళ్ళ మీదికి లాగమన్నాడు. ఆమె కప్పేదాకా ఆగి, నాకు చేతులు జోడించాడు.

"తప్పయింది అక్కా," అన్నాడు. "కట్టుకోకుంట మీ ముందర తడుపుకుంటే అయిపోతుండె."